మతము – వీధి – మర్యాద: ఆదవాని సీమ నేర్పు పాఠము



మతకలహములకు కారణమేమి, సామరస్యమునకు మార్గమేది అని ప్రశ్నించినచో సాధారణముగా రెండు సమాధానములు వినబడుచుండును. అన్ని మతములును ఒక్కటే, కలహము కేవలము అజ్ఞానము అనునది మొదటిది. వారికిని మనకును తరతరముల వైరము, అది తీరునది కాదు అనునది రెండవది. మొదటిది మంచిమాటయే, కాని వీధిలో రాయి లేచిన నాడు అది ఎవరి చేతిని ఆపజాలదు. రెండవది చరిత్ర పేరిట ప్రచారమగుచున్నది. చరిత్రను విప్పి చూచినచో నిలువదు.

తుంగభద్రకు దక్షిణమున నల్లరేగడి నేలలలో వెలసిన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతము ఈ విషయమున మనకు గొప్ప పాఠశాల. ప్రాచీనులు ఆదవాని అని పిలిచిన ఈ సీమ చరిత్రను పరిశీలించినచో ఒక విషయము స్పష్టమగును. ఇచ్చట కలహము బ్రహ్మతత్త్వమును గురించిన చర్చలో పుట్టలేదు. రాజ్యము, ధనము, వీధి, వాద్యము, గౌరవము – వీని యొద్ద పుట్టినది. సామరస్యము కూడ పెద్దలు ముందుగా కూర్చుండి స్పష్టముగా ఏర్పరచుకొన్న మర్యాద వలననే నిలిచినది.

దుర్గము చెప్పు సాక్ష్యము

1565వ సంవత్సరము జనవరి మాసమున తళ్ళికోట యుద్ధము జరిగినది. విజయనగరము పాడుపడినది, హంపీ ఆలయములు భగ్నమైనవి. ఈ సత్యమును దాచవలసిన పనిలేదు. దాచిన గాయము మానదు. ఆ యుద్ధానంతరము ఆదవాని దుర్గము మరి మూడేండ్లు నిలిచి, 1568లో బిజాపుర సుల్తాను మొదటి అలీ ఆదిల్ షా వశమైనది.

అయితే ఈ అలీ ఆదిల్ షా ఎవరు? యుద్ధమునకు కొన్ని సంవత్సరములు ముందు అళియ రామరాయల మైత్రిని కోరి స్వయముగా విజయనగరమునకు వచ్చినవాడు. పుత్రశోకములో నున్న రామరాయలను అతడు పరామర్శించెననియు, రామరాయల పత్ని అతనిని పుత్రునిగా ఆదరించెననియు ఫెరిష్తా తన చరిత్ర గ్రంథమున వ్రాసెను. వారిరువురును కలిసి అహమ్మదునగరముపై దండెత్తిరి. కొలది సంవత్సరములకే ఆ స్నేహము వైరముగా మారినది. ఈ మధ్యకాలములో ఇరువురి మతములును మారలేదు. మారినది కోటల లెక్క, శిస్తుల లెక్క, బలాబలముల లెక్క.

అటుపిమ్మటి చరిత్రయు ఇట్లే యున్నది. 1686లో ఔరంగజేబు బిజాపురమును జయించెను. 1688లో అతని సేనాని ఫిరోజ్ జంగ్ ఆదోనిని ముట్టడించెను. కోటలో నున్నది సిద్ది మసూద్ ఖాన్. బయట నున్నది మొగలు సైన్యము. ఆదోనిలో నేటికిని కనుపించు జామియా మసీదు మసూద్ ఖాన్ కట్టించినది. శత్రువులు ఫిరంగులను ఆ మసీదు వైపు ఎక్కుపెట్టగా, దాని నాశనమును చూడలేక అతడు లొంగిపోయెనని ఈ ప్రాంతమున ఒక కథ వాడుకలో నున్నది. ఒక మహమ్మదీయుని మసీదును మరియొక మహమ్మదీయుని ఫిరంగి బెదిరించిన కథ ఇది!

మరి నూరేండ్లకు, 1786లో, మైసూరు టిప్పు సుల్తాను ఇదే దుర్గమును ముట్టడించెను. లోపల నున్నది నిజాము సోదరుడైన బసాలత్ జంగు కుమారుడు మహబత్ జంగు. అతని కుటుంబమును రక్షించుటకు వచ్చిన సేనలలో పీష్వా వారి మహారాష్ట్ర సేనయు కలదు. ముట్టడి చేసిన టిప్పు ప్రభుత్వమున ధనాగారమును నిర్వహించిన పూర్ణయ్య మాధ్వ బ్రాహ్మణుడు. ఈ యుద్ధమును ఏ మతమునకు ఏ మతముతో జరిగిన యుద్ధమని చెప్పగలము?

ఆ రాజులు మతము పేరును వాడుకొనలేదని నా భావము కాదు. గెలిచినవాడు తన విజయమునకు ధర్మమను పేరు పెట్టుకొనుట లోకరీతి. ఆలయము భగ్నమైన ఊరిలో భక్తుని హృదయము ఎంత వేదన పడినదో ఊహించుట కష్టము కాదు. కాని ఆ ఋణమును నేడు ఎవరి యొద్ద వసూలు చేయవలెను? మన శాస్త్రము ఈ విషయమున నిష్కర్షగా నున్నది. కర్మ చేసినవాడే దాని ఫలమును అనుభవించును. తండ్రి చేసిన అప్పును కుమారుడు తీర్చవచ్చును గాని, తండ్రి చేసిన పాపము కుమారుని ఖాతాలోనికి రాదు. అట్లుండగా 1568లో కోటను గెలిచిన సుల్తాను కర్మమును, నేడు మన వీధిలో సైకిలు మరమ్మతు చేసికొని జీవించు పొరుగువాని తలపై మోపుట ఏ సిద్ధాంతము? కర్మసిద్ధాంతమును నమ్మినవాడు ఆ మాట పలుకజాలడు.

మంచాలె గ్రామ దానము

ఈ మసూద్ ఖాన్ పేరు శ్రీరాఘవేంద్రస్వామి భక్తులందరికిని సుపరిచితము. మఠ సంప్రదాయము ప్రకారము ఆదోని నవాబు స్వామివారిని పరీక్షింపగోరి పళ్ళెమున మాంసమును ఉంచి, వస్త్రము కప్పి సమర్పించెను. స్వామి తీర్థము ప్రోక్షించి వస్త్రమును తొలగింపగా అవి పుష్పములును ఫలములునై యుండెను. నవాబు పశ్చాత్తప్తుడై సారవంతమైన గ్రామమును ఇచ్చెదనన్నను, స్వామి తుంగభద్రా తీరమున నున్న మంచాలె గ్రామమునే కోరిరి. ప్రహ్లాదుడు యజ్ఞము చేసిన స్థలమని దానికి కారణము చెప్పిరి. అదియే నేటి మంత్రాలయము. 1671లో, విరోధికృతు నామ సంవత్సర శ్రావణ బహుళ విదియ నాడు, స్వామి అచ్చటనే సజీవముగా బృందావన ప్రవేశము చేసిరి.

ఈ వృత్తాంతమున మనము మహిమను మాత్రమే స్మరించి ముందునకు పోవుచుందుము. అందులో గమనింపదగిన అంశములు మరి మూడు కలవు. మొదటిది: అవమానము జరిగినది, స్వామికి కోపము రాలేదు. రెండవది: అవమానించినవానికి తన తప్పును దిద్దుకొను అవకాశము లభించినది. మూడవది: క్షమ అనునది మాటతో ఆగలేదు, గ్రామము, సరిహద్దు, దానము అను స్థిరరూపమును పొందినది. స్వామి నవాబును మతము మార్చుకొనుమని అడుగలేదు. నవాబు తన మతమును విడువకయే మఠమునకు నేలను ఇచ్చెను. ఎవరి విశ్వాసమున వారు నిలిచి, ఒకరి విశ్వాసమునకు ఒకరు చోటిచ్చిరి. సామరస్యమునకు ఇంతకు మించిన నిర్వచనము నాకు తెలియదు.

వీధియు వాద్యమును

ఇక మన కాలమునకు వత్తము. 2022 ఏప్రిల్ మాసమున, చైత్ర పూర్ణిమ నాటి హనుమత్ శోభాయాత్ర సందర్భమున, ఆదోనికి సమీపమున నున్న హొళగుంద గ్రామమున ఘర్షణ జరిగినది. ఊరేగింపు మసీదు సమీపమునకు వచ్చిన వేళ డీజే ధ్వనిని గురించి వివాదము లేచినది, రాళ్ళు విసరుకొనిరి, పలువురు గాయపడిరి, పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసిరి. హనుమంతుడు దేవుడా కాడా అను చర్చ ఆ వీధిలో జరుగలేదు. ఏ వేళ, ఏ వీధిలో, ఎంత ధ్వనితో అను ప్రశ్న వద్దనే రాయి లేచినది.

ఇది నేటి వింత కాదు. 1882లో మదరాసు రాజధానిలోని సేలము పట్టణమున ఊరేగింపు మార్గమున నున్న మసీదు, దాని ముందు వాద్యఘోష – ఈ విషయముననే ఘోరమైన అల్లర్లు చెలరేగి ప్రాణనష్టము జరిగినది. 1924లో లండనులోని ప్రీవీ కౌన్సిలు, ఔరంగాబాదు పట్టణమునకు చెందిన ఒక వ్యాజ్యమున, రాజమార్గమున మతపరమైన ఊరేగింపు జరుపు హక్కు ప్రజలకు కలదనియు, అది అధికారుల ఉత్తర్వులకును ఇతర ప్రజల మార్గహక్కులకును లోబడియుండవలెననియు తీర్పు చెప్పినది. అనగా న్యాయస్థానము ఇరుపక్షములకును ఒక గీత గీసినది. కాని గీత గీసినంతమాత్రమున మనస్సులు కలియవు. దానికి పూర్వమే మన నేలపై ఒక మహారాజు మరింత ఉత్తమమైన మార్గమును చూపెను.

1368లో జైనులకును శ్రీవైష్ణవులకును కలహము కలిగినది. ఆనెగొంది, పెనుగొండ మొదలగు చోట్ల నున్న జైనులు తమకు అన్యాయము జరిగినదని విజయనగర ప్రభువు బుక్కరాయలకు మొరపెట్టుకొనిరి. వివాదమున ముఖ్యవిషయమేమి? పంచమహావాద్యములును కలశమును! నేటి హొళగుందలో వాద్యము, నాటి పెనుగొండలో వాద్యము. ఆరువందల యేబది ఏండ్లలో కలహబీజము మారలేదు. బుక్కరాయలు ఇరుపక్షముల ఆచార్యులను సమావేశపరచి, జైనుల చేతిని గ్రహించి శ్రీవైష్ణవుల చేతిలో పెట్టెను. జైనులకు పూర్వమర్యాద ప్రకారము వాద్యములును కలశమును చెల్లుననియు, జైనదర్శనమునకు కలుగు హానివృద్ధులను వైష్ణవులు తమ హానివృద్ధులుగా భావింపవలెననియు శాసించెను. అంతటితో ఆపక, జైనుల ఇంటింటి నుండి ఏటేట కొంత ధనము కూర్చి, శ్రావణబెళగొళ దేవునికి ఇరువదిమంది రక్షకభటులను నియమించు బాధ్యతను, మిగిలిన ధనముతో జీర్ణ జినాలయములకు సున్నము వేయించు బాధ్యతను తిరుమలకు చెందిన తాతయ్యకు, అనగా శ్రీవైష్ణవులకే, అప్పగించెను. శ్రావణబెళగొళ శాసనమున ఇదంతయు చెక్కబడియున్నది.

ఈ తీర్పులోని వివేకమును గమనింపుడు. బలవంతుడైనవానికి బలహీనుని రక్షణభారమును అప్పగించుట. దానికి ధనమెట్లు, మనుషులెందరు, ఎవరి బాధ్యత అని వివరముగా వ్రాయించుట. కౌగిలింతతో ఆగిపోయిన సంధి కాదది. లెక్కతో నిలిచిన సంధి.

ఇతరుల స్థితిని బట్టి ఉత్సవమును ఆపుట మన సంప్రదాయమునకు కొత్త కాదు. వీధిలో ఒక ఇంట శవమున్నచో ఆ వీధిలో స్వామి ఊరేగింపు సాగదు. శవము కదలిన పిమ్మట, శుద్ధి జరిగిన పిమ్మటనే పల్లకి కదలును. అప్పుడు స్వామివారి గౌరవము తగ్గినదని ఎవరును అనరు. అట్లే పొరుగువారు ప్రార్థనలో నున్న పావుగంట సేపు వాద్యములను నిలిపి, మౌనముగా నామస్మరణ చేయుచు నడచినచో భక్తికి లోటేమి? ధ్వని తగ్గినంత మాత్రమున తగ్గునది మదము, భక్తి కాదు.

పంచాంగము ముందే చెప్పును

ఈ విషయమున పురోహితులమైన మేము చేయగలిగిన ఉపకారమొకటి కలదు. పన్నెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సౌరవర్షమునకు 365. ఈ పదునొకండు దినముల భేదమును మనము అధికమాసముతో సరిచేసికొనుచున్నాము. మహమ్మదీయుల హిజ్రీ గణనలో అధికమాసము లేదు. అందుచేత వారి మాసములు మన మాసములకంటె క్రమముగా వెనుకకు జరుగుచు, సుమారు ముప్పదిమూడేండ్లలో ఒక ఆవృత్తి పూర్తిచేయును.

దీని ఫలితమేమి? వారి రంజాను మాసము మన శ్రావణముతో కలిసినచో ఈదు పండుగయు వినాయక చవితియు ఒకటి రెండు దినముల వ్యవధిలో వచ్చును. 2011లో అట్లే వచ్చినవి. మొహరము మాసము భాద్రపదముతో కలిసినచో చవితి నవరాత్రులలోనే పీర్లపండుగ వచ్చును. 2018 నుండి 2020 వరకు అట్లే జరిగినది. రబీ ఉల్ అవ్వల్ భాద్రపదముతో కలిసినచో మీలాదును అనంత చతుర్దశి నిమజ్జనమును ఎదురుబడును. 2023లో ఆ రెండును ఒకే దినమున, సెప్టెంబరు 28న వచ్చినవి. అప్పుడు హైదరాబాదు నగరమున ముస్లిం పెద్దలు తమ మీలాదు ఊరేగింపును అక్టోబరు 1వ తేదీకి మార్చుకొనిరి. మహానగరమున రెండు జనసముద్రములు ఎదురుపడకుండ పోయినవి.

కావున ఏ సంవత్సరము ఏ పండుగలు ఒక్కటిగా వచ్చునో గణితము ముందే చెప్పును. ఉగాదినాడు పంచాంగశ్రవణము చేయునపుడే ఈ దినములను గుర్తించి, ఊరి పెద్దలకును మసీదు పెద్దలకును తెలియజేయుట అర్చకుని ధర్మమని నా అభిప్రాయము. నెల ముందు కూర్చుండి వ్రాసికొన్న మార్గము, వేళ, వరుస – ఇవి ఆ రోజు వచ్చు నూరుమంది పోలీసులకంటె బలమైనవి.

ప్రత్తియు నూలును

పూర్వము మన పల్లెలలో ఇన్ని సమావేశములు లేకయే శాంతి యెట్లుండెను? దానికి కారణము ప్రత్తిలో నున్నది. రైతు ప్రత్తి పండించెను, దూదేకులవారు దూదిని ఏకిరి, నూలు వడకబడెను, సాలెవారు మగ్గముపై నేసిరి, కోమట్లు అమ్మిరి. ఒక వస్త్రము పుట్టుటకు అన్ని కులములవారి చేతులును, రెండు మతములవారి చేతులును తగిలెను. ఆదోని ప్రత్తి విపణికి ప్రసిద్ధి. ఎమ్మిగనూరు మగ్గమునకు ప్రసిద్ధి. 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరులో చేనేతకారుల సహకార సంఘమును స్థాపించి, పేద నేతగానికి నీడ కల్పించిరి. 1954లో పద్మశ్రీ పురస్కారమును పొందిరి. కలిసి పనిచేసినవాడే కలిసి బ్రతుకగలడని ఆ సంఘము నిరూపించినది.

ఆ అనుబంధము పండుగలలోనికిని ప్రవహించినది. మొహరము నాడు పీర్ల చావిడి యొద్ద బెల్లము, చక్కెర చదివించువారిలో హిందువులు ఎందరో కలరు. మ్రొక్కుబడి చెల్లించి బిడ్డకు హుసేనప్ప, మస్తానప్ప, ఫక్కీరప్ప అని పేరు పెట్టుకొన్న హిందూ కుటుంబములు ఈ సీమలో నేటికిని కలవు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామి యొద్దకు రెండు మతములవారును లక్షలుగా తరలివత్తురు. ఉగాదినాడు దేవుని కడపలో శ్రీలక్ష్మీవేంకటేశ్వరుని దర్శించు మహమ్మదీయులు, బీబీ నాంచారమ్మను తమ ఆడబిడ్డగా తలచి వచ్చుచున్నారు. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి ప్రియశిష్యుడైన సిద్దయ్య దూదేకుల కులమున జన్మించినవాడే.

నేడు యంత్రములు వచ్చినవి. దూది ఏకువాని విల్లు మూగవోయినది. పొరుగువాని చేతితో మనకు పని లేకపోయినది. అతని పేరు, అతని ఇంటి కష్టము మనకు తెలియకపోయినది. తెలియనివానిని గురించి ఏ అపవాదును చెప్పినను మనస్సు నమ్మును. సెల్‌ఫోనులో వచ్చు విషవార్తకు బలమిచ్చునది మన ఈ అపరిచయమే. ఎన్నికల వేళ ఈ అపరిచయమును సొమ్ము చేసికొనువారు ఇరుపక్షములందును కలరు.

ఎర్రగుడి శిల

మన జిల్లాలోనే, పత్తికొండకును గుత్తికిని నడుమ ఎర్రగుడి అను గ్రామము కలదు. అచ్చటి బండలపై క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున అశోక చక్రవర్తి శాసనములు చెక్కబడినవి. అతని పదునాలుగు ప్రధాన శిలాశాసనములలో పండ్రెండవది మతసామరస్యమునకు సంబంధించినది. దాని సారాంశమిది: సర్వమతముల సారము వృద్ధి పొందవలెను, దానికి మూలము వాక్సంయమము, సమయము కాని సమయమున స్వమతమును పొగడుటయు పరమతమును నిందించుటయు కూడదు, పరమతమును అవమానించువాడు తన మతమునకే ఎక్కువ హాని చేయుచున్నాడు, అందరును ఒకరి ధర్మమును ఒకరు వినవలెను.

ఇరువదిరెండు శతాబ్దములుగా ఎండకును వానకును నిలిచిన ఆ శిల మన పొరుగుననే యున్నది. మనలో ఎందరము చూచితిమి? చక్రవర్తి దండమును గాని సైన్యమును గాని మొదట చెప్పక, నాలుకను అదుపులో నుంచుకొనుమని చెప్పుట గమనింపదగినది. నేడు నాలుక పని వ్రేలు చేయుచున్నది. నిజమో కాదో తెలియని వార్తను మరియొకరికి పంపుటయు వాచిక పాపమే.

మన వంతు

భగవద్గీత పదునేడవ అధ్యాయమున తపస్సు మూడు విధములుగా విభజింపబడినది. ఇతరుల మెప్పుకొరకు, దంభముతో చేయునది రాజసము. తనను హింసించుకొనుచు గాని, ఇతరులకు పీడ కలిగించుటకు గాని చేయునది తామసము. ఈ కొలమానమును మన ఉత్సవములకు పట్టి చూడవలెను. స్వామి పల్లకి ముందు నడచువాని మనస్సు స్వామిపై నున్నదా, ప్రక్కవీధివానికి తన బలము చూపుటపై నున్నదా? రెండవదైనచో ఆ యాత్రలో స్వామి లేడు. ఇదే ప్రశ్నను పొరుగు మతమువారును తమ గ్రంథముల వెలుగులో వేసికొనవలెను. కాని వారి ప్రశ్న వారిది. మన ప్రశ్నకు మనము సమాధానము చెప్పుకొనవలెను.

ఆచరణయోగ్యమైనవి నాలుగు విన్నపములు చేయుచున్నాను.

ఒకటి. పండుగకు నెల ముందే ఆలయ పెద్దలును మసీదు పెద్దలును ఒకచోట కూర్చుండి, ఊరేగింపు మార్గమును, వేళను, వాద్యములు నిలుపవలసిన స్థలమును కాగితముపై వ్రాసికొనవలెను. నోటిమాట ఉద్రేకమున మరచిపోబడును.

రెండు. ప్రతి ఊరేగింపులోను ముందు వరుసన వయోవృద్ధులు నడువవలెను. యువకులు వారిని దాటి పోరాదు.

మూడు. తప్పు జరిగినచో మొదట మనవాని తప్పును మనమే ఖండింపవలెను. ఎదుటివారి తప్పును ఖండించుటకు లోకమంతయు సిద్ధముగా నుండును. మనవాని తప్పును ఖండింపగల ధైర్యము పెద్దరికమునకు గుర్తు.

నాలుగు. మన పిల్లలకు స్వధర్మమును లోతుగా నేర్పవలెను. సంధ్యావందనము, స్తోత్రము, పురాణము, సిద్ధాంతము తెలిసినవానికి పరమతమును ద్వేషింపవలసిన అవసరము కలుగదు. తన ఇంట వెలుగున్నవాడు పక్కింటి దీపమును ఆర్పబోడు. స్వధర్మము తెలియని యువకునికి ద్వేషమొక్కటే మతముగా కనబడును.

ఆదోని కోటలో నివసించిన ప్రభువులందరును పోయిరి. ఆదిల్ షాహీల ఖడ్గము, మొగలుల ఫిరంగి, టిప్పు సైన్యము, 1800లో ఈ సీమను నిజాము నుండి పొందిన కుంఫిణీ దొరతనము – ఏదియు మిగులలేదు. బురుజులు పిచ్చిమొక్కల పాలైనవి. కాని ఒక నవాబు ఇచ్చిన మంచాలె గ్రామమున మూడున్నర శతాబ్దములుగా ప్రతిదినము హస్తోదకము జరుగుచున్నది, అన్నదానము జరుగుచున్నది. గెలిచి తీసికొన్నది నిలువలేదు. గౌరవించి ఇచ్చినది నిలిచినది. రాబోవు పండుగకు మన ఊరి పెద్దలు ఈ సత్యమును స్మరించి ముందుగానే కూర్చుందురు గాక.

శుభం భూయాత్.